ఒడ్డు వదలని ఓడల శ్రీపాదరావు

ఆదోనిలో ఆయన్ని ఓడల శ్రీపాదరావు అనేవాళ్లు. బొంబాయిలో సరుకుల ఓడలను పరీక్షించి, సముద్రానికి పనికొస్తాయని సర్టిఫికెట్టు ఇచ్చే కంపెనీలో ఉద్యోగం. బొగ్గు, గోధుమలు కుప్పగా పోసుకునే ఓడ ఒక రకం, నూనె మోసేది ఇంకో రకం, మూటలూ పెట్టెలూ ఎక్కించేది మరో రకం. ఏ ఓడలో బరువు ఎక్కడుండాలి, గాలివానకు ఒరిగితే మళ్లీ లేచి నిలబడుతుందా లేదా అన్నది ఆయన లెక్క కట్టి తేల్చాలి. సెలవు మీద ఊరికొచ్చినా ఆ పిచ్చి వదిలేది కాదు. పత్తి బేళ్లు ఆకాశమంత ఎత్తు కట్టుకొని లారీ వస్తుంటే రోడ్డు మధ్యన నిలబడి, ఇది పనికిరాదని తల అడ్డంగా ఊపేవాడు. డ్రైవర్లు హారను కొట్టి, నాలుగు తిట్లు తిట్టి పోయేవాళ్లు.

ఇంత తెలిసినాయన ఒడ్డు వదిలి గజం దూరం పోలేదు. రేవులో కట్టేసిన ఓడ ఎక్కడం, చూసి దిగడం, అంతే. సముద్రం దాటినవాడి చేతి అన్నం మడివాళ్లు ముట్టరని తండ్రి చిన్నప్పుడే చెప్పి పెట్టాడు. తల్లి అలివేలమ్మకు తన చేత్తో వడ్డించడమంటే ఈయనకు ప్రాణం. ఆమె కూడా ఏటా గడపలోనే అడిగేది.

"ఏమిరా, సముద్రం దాటినావా?"

"లేదమ్మా" అని ఈయన గర్వంగా చెప్పేవాడు.

ఎనభై రెండులో జపానులో కట్టిన కొత్త ఓడను పరీక్షిస్తూ దానిమీదే బొంబాయికి రమ్మన్నారు. రిటైరయ్యేలోపల అదే ఆఖరి అవకాశం. అదీ కాదనుకొని ఆదోనికొచ్చి, తల్లికి పప్పు వడ్డిస్తున్నాడు. భార్య పద్మాబాయి ఉండబట్టలేక నోరు జారింది.

"మీ కోసమే అత్తా, జపాను పోయేది కూడా వద్దనేసినారు."

అలివేలమ్మ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది.

"నేనెప్పుడు పోవద్దంటినిరా?"

"దాటినావా, దాటినావా అని ఏటా అడుగుతాంటివి కదమ్మా!"

"దాటింటే అది ఎట్లుంటుందో చెప్తావని అడుగుతాంటిని. మీ నాయన ఏమో అనింటాడు, నేనన్నానా? తుంగభద్ర కన్నా పెద్ద నీళ్లు నేను యాడ చూసినానురా?"

శ్రీపాదరావుకు దుఃఖం ఆగలేదు. గరిటె పట్టుకొనే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ తల్లి కోసమని వదులుకున్న సముద్రం ఆ తల్లికే కావలసి వచ్చింది.

ఆమె కాసేపు ఏడవనిచ్చింది.

"ఇంక చాలు ఊరుకో. బొంబాయి నుంచి గోవాకు స్టీమరు పోతుందంట కదా, ఇద్దరమూ పోదాం పా. ఏది బోర్లా పడదో నీకన్నా ఎవరికి తెలుసు?"

"మరి నీ మడి ఎట్లమ్మా?"

"చుట్టూ అన్ని నీళ్లు పెట్టుకొని మడికేం తక్కువరా?"