అనంతగిరి చలిలో బావ వీపు

దెయ్యం కబుర్లు మొదలుపెడితే అక్కడినుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇది కూడా అలాంటిదేనని ఎవరైనా అంటే ఊరుకోను. జరిగింది చెబుతున్నాను, అంతే.

అరవైల చివర్లో మాకు శృంగవరపుకోటలో పసుపు వ్యాపారం ఉండేది. మా అక్కని అప్ప అని పిలిచేవాణ్ణి. అప్ప పెనిమిటి, అంటే మా బావ, కొండమీద సంతలో పసుపు కొని బండి మీద కిందికి దించేవాడు. ఆ పుష్యమాసంలో తోడుగా నేనూ వెళ్ళాను.

తిరిగి వస్తుంటే అనంతగిరి దగ్గర గెడ్డలో, అంటే కొండవాగులో, చక్రం కూరుకుపోయింది. బావ నడుములోతు నీళ్ళలో దిగి నెట్టాడు. ఒడ్డెక్కేసరికి చీకటి పడిపోయింది. పసుపు చెమ్మగిల్లితే బూజు పడుతుందని మా ఇళ్ళలో మనుషుల కంటే దానికే ముందు కప్పుతారు. పొడి గోనెలన్నీ బస్తాల మీద కప్పేశాడు. మంట వేద్దామంటే అగ్గిపుల్లలు తడిసి అంటుకోలేదు. చేసేది లేక ఇద్దరం ఒకే గొంగళి కింద వీపులు ఆనించి పడుకున్నాం.

బావ గడగడా వణికాడు. కాసేపటికి వణుకు ఆగింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"ఉక్కగా ఉన్నాదిరా. ఇది నువ్వు కప్పుకో."

చొక్కా విప్పేసి గొంగళంతా నా మీదికి తోశాడు. ఏనుగులాంటి మనిషి, ఒంట్లో వేడి అలాంటిదిలే అని నవ్వుకున్నాను. చలి ముదిరితే ఒళ్ళు చల్లబడిపోతున్నా ఉక్కపోసినట్టు అనిపిస్తుందనీ, ఆ మీదట పట్టే నిద్ర మంచిది కాదనీ చాలా ఏళ్ళకి ఒక డాక్టరు చెప్పాడు. అప్పుడు ఎవరికి తెలుసు!

నాకు హాయిగా నిద్ర పట్టింది. మెలకువ వచ్చినప్పుడల్లా నా వీపుకి వీపు తగులుతూనే ఉంది, పొయ్యి పక్క గోడలా వెచ్చగా.

తెల్లారి చూస్తే నా వెనక ఎవరూ లేరు. బావ బండికి అవతల ముడుచుకుని పడి ఉన్నాడు. కొయ్యలా బిగుసుకుపోయాడు. ఒంటినిండా మంచు పట్టి ఉంది, కింద గడ్డి మాత్రం పొడిగా ఉంది. మంచు కురవక ముందు నుంచీ అక్కడే ఉన్నాడన్నమాట. ప్రాణం పోయి చాలాసేపయిందని వెనక వచ్చిన బండివాళ్ళు అన్నారు.

ఎద్దు ఆనుకుని పడుకుందేమో అంటారు. రెండు ఎడ్లూ దూరంగా కట్టినచోటే ఉన్నాయి.

అప్ప ఏడవలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగింది.

"సలికి అల్లాడిపోయాడేటిరా?"

"లేదప్పా. ఎచ్చగానే ఉన్నాడు."

నేను అబద్ధం చెప్పలేదు. అప్ప నా వీపు మీద చెయ్యి వేసి అప్పుడు ఏడ్చింది.

ఆ రాత్రి నా వెనక ఉన్నది ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఏదైనా కానీ, ఆ వెచ్చదనం నాకు కాకుండా ఆయనకి దక్కి ఉంటే ఎంత బాగుండేది.