నాలుగు వేళ్లు తక్కువ

మా ఇంట్లో ఆమె బిందెను ఏనాడూ నిండా ముంచదు. అంచుకు నాలుగు వేళ్లు తక్కువగానే ఆపేస్తుంది. బిందె అనే కాదు, చెంబయినా, తొట్టి అయినా, చివరికి ఫ్రిజ్‌లో పెట్టే సీసా అయినా అంతే. ఎర్రగుంట్లలో ఉన్నప్పుడు కుళాయికి మూడు రోజులకొకసారి నీళ్లొచ్చేవి. అప్పుడు కూడా ఆమె బిందెలన్నీ వెలితిగానే ఉండేవి. ఈమెకు నీళ్లు ఎక్కువైనట్టుండాయని వరసలో నిలబడ్డ ఆడవాళ్లు ఎకసెక్కాలాడేవాళ్లు. ఆమె బిందెలెత్తుకుని వచ్చేసేది. ఎందుకట్లా అని నేనూ అడగలేదు. అడగనక్కర లేకుండానే నాకు తెలుసు.

మొన్న ఎండాకాలంలో మేము చూసొచ్చిన ఒక చెరువు దగ్గర నుంచి ఈ సంగతి చెప్పుకురావాలి. చెరువు అని నేనంటున్నాను. మా అల్లుడు సరస్సు అన్నాడు.

అమ్మాయీ అల్లుడూ ఐరోపాలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మనవరాలికి రెండేళ్లు నిండాయి, వచ్చి రెండు నెలలు ఉండిపొండి అంటే కర్నూలు ఇంటికి తాళం వేసి పోయాం. అక్కడ ఒక శుక్రవారం ఏదో పండగ సెలవు వచ్చింది, శని ఆదివారాలతో కలిపి మూడు రోజులు. ఆ దేశాల్లో మూడు రోజులు సెలవు దొరికితే మనిషన్నవాడు ఇంట్లో ఉండకూడదు కాబోలు. కారు నిండా సామాను సర్దారు. అందులో ముప్పాతిక వంతు ఆ జానెడు బిడ్డదే. తోపుడు బండి, డైపర్ల కట్ట, మూడు జతల బూట్లు, ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్టు. మా ఆమె తన వంతుగా, ఉగ్గాని చేయడానికని కర్నూలు నుంచి మోసుకొచ్చిన బొరుగుల మూట ఒళ్లో పెట్టుకుంది.

బిడ్డకు మన మాటలు నాలుగే వచ్చు. అవ్వ, నీళ్లు, వద్దు, ఇంకా. తక్కినదంతా అక్కడి భాష, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ నాలుగింట్లో ఇంకా అనేదాన్ని బాగా అరగదీసింది. ఊయల ఆగితే ఇంకా, ముద్ద అయిపోతే ఇంకా, నా తుమ్ము ఆగిపోయినా ఇంకా.

చెరువు కొండల నడుమ ఉంది. మేము దిగిన చెక్క ఇంటి కిటికీలోంచి చూస్తే ఆకుపచ్చటి నీళ్లు, ఆ నీళ్లలోంచి పైకి లేచిన ఒక చర్చి గోపురం. కింద గుడి లేదు, చుట్టూ ఊరు లేదు. ఉత్త గోపురం. జనం దానికి వీపు పెట్టి నవ్వుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. ఒడ్డున బోర్డు ఉంటే అల్లుడు దాన్ని ఫోన్లో తెలుగు చేసి చదివి వినిపించాడు. కరెంటు కోసం ఆనకట్ట కట్టారట. ఊరు మునిగిపోయిందట. ఇళ్లన్నీ పడగొట్టి ఈ గోపురాన్ని మాత్రం వదిలేశారట. చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. మాది మునిగిన ఊరని అతనికి తెలుసు.

నాకు ఒళ్లు మండింది. వాళ్ల ఊరికి బోర్డు ఉంది, కంచె ఉంది, కూర్చుని బాధపడటానికి బల్లలు వేసి ఉన్నాయి. శ్రీశైలం ఆనకట్ట వెనక నిలిచిన కృష్ణ నీళ్ల మీద పడవలో పోతే, ఇదిగో ఇక్కడ ఫలానా ఊరుండేది అని చెప్పడానికి మాకు ఒక కట్టె కూడా పాతి లేదు. ఈ మాటలు కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, అటూ ఇటూ జనం తిరిగి చూశారు.

"నాయనా, ఈడిగ్గూడా వచ్చి గవర్నమెంటును తిట్టొద్దు," అంది మా అమ్మాయి. "ఈ గవర్నమెంటుకు తెలుగు రాదు."

అందరం నవ్వాం. మా ఆమె నవ్వలేదు. గోపురాన్ని చూస్తూ నిలబడింది. నలభై ఏళ్లు దాటింది ఆమె పెద్ద నీళ్ల ఒడ్డుకు వచ్చి. శ్రీశైలం పోయినా స్వామిని చూసుకుని, ఆనకట్ట వైపు తల తిప్పకుండా బస్సెక్కేది. ఇక్కడికి కూడా బిడ్డ కొంగు పట్టుకుని లాగితేనే వచ్చింది. బిడ్డ బకెట్టు చేతికిచ్చి నీళ్లు అంది. ముంచింది, నాలుగు వేళ్లు తక్కువగా. ఇంకా, అంది బిడ్డ. చాలమ్మా, అంది ఆమె. ఆ సాయంత్రమంతా అదే పంచాయితీ.

మా ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. నేను బడి మెట్లెక్కినవాణ్ణి కాదు. గొర్రెలు కాస్తూ, అంగట్లో పొట్లాలు కట్టిచ్చిన కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఉత్తరమొచ్చినా, పత్రం రాయాలన్నా, తాకీదు వచ్చినా ఊరంతా నా గుమ్మంలోకే వచ్చేది. వాడు చదివినాడంటే అంతే అనే మాట విని విని నాకు మదం పట్టింది. మదం అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు దాన్ని తెలివి అనుకున్నాను.

మా మొదటి బిడ్డ కూడా ఆడపిల్లే. ఈ మనవరాలి ఈడే, రెండేళ్లు. మూడు రోజులు జ్వరం కాసి పోయింది. పసిబిడ్డలను మాలో కాల్చరు, పూడుస్తారు. ఊరికి ఎగువన ఒక పెద్ద బండ, దాని పక్కన తంగేడు పొదలు. అక్కడ పూడ్చి, నక్కలు తవ్వకుండా ముళ్లకంప పరిచి పైన రాళ్లు పెట్టాం.

మరుసటి ఏడు ఆనకట్టకని కొలతలవాళ్లు వచ్చారు. ఆ బండ మీదే ఉలితో ఒక అడ్డగీత చెక్కారు. గీత కింద పైకి చూస్తున్న బాణం గుర్తు, పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె. ఎర్ర రంగు పూసి వెళ్లిపోయారు. అదేమిటని ఊరంతా నన్ను అడిగింది. నాకు ఇంగ్లీషు రాదు. రాదు అని చెప్పడం అంతకన్నా రాదు. బాణం పైకి చూస్తోంది, పైన గీత ఉంది, నీళ్లు ఇంతదాకా వస్తాయని కాక దానికి ఇంకేం అర్థం ఉంటుంది? అట్లాగే చెప్పాను. బిడ్డను పెట్టిన చోటు బండకు ఎగువ పక్క, గీతకు మూరెడు పైన ఉంది.

ఊరు ఖాళీ చేసే రోజులు వచ్చాయి. దూలాలు ఊడదీసి బండ్లకెత్తారు. తలుపులు ఎత్తారు, దేవుళ్లను ఎత్తారు. తమవాళ్లను పూడ్చిన చోటి నుంచి పిడికెడు మన్ను గుడ్డలో మూటగట్టుకుని పోతున్నారు, కొత్త చోట పెట్టుకోవడానికి. మా ఆమె కూడా బిడ్డ పాత గౌను తీసుకుని బయలుదేరింది. నేను ఆపాను. నలుగురి ముందు ఆపాను.

"గీత దాటి నీళ్లు రావు. ఇంకా నాలుగు వేళ్లు తక్కువే నిలుస్తాయి. పండుకున్న బిడ్డను కదిలించొద్దు," అన్నాను.

ఆమె గౌను మడిచి నడుములో దోపుకుంది. నా మాట మీద ఇంకో రెండిళ్లవాళ్లు కూడా మన్ను తీసుకోకుండానే బండ్లెక్కారు.

ఆ వానాకాలం ఎదురు కొండ మీద నిలబడి చూశాం. ఊరు పోయింది. గీత పోయింది. రెండు రోజులకు బండ పోయింది, తంగేడు పొదల కొనలు కాసేపు ఊగి అవీ పోయాయి. మోసం చేశారు, గీత దాటించి నింపారు అని అరిచాను. అందరూ నమ్మారు. ఆ ఏడు నుంచే మా ఆమె బిందెలు నాలుగు వేళ్లు తక్కువయ్యాయి. నీళ్లకు బుద్ధి నేర్పుతున్నట్టు ముంచేది. గీత దాటించినోళ్లు మట్టి కొట్టుకోని పోతారు అనుకుంటూ ముంచేది. నేను అర్జీలు రాశాను. ఎన్ని రాశానో, ఎంతమంది దొరలకు రాశానో. ప్రతి దాంట్లోనూ ఆ గీత ఉండేది.

బతుకుతెరువుకు కడప జిల్లా పోయాం. ఎర్రగుంట్లలో సిమెంటు లారీల కాటా దగ్గర చీటీలు రాసే పని దొరికింది. అమ్మాయి అక్కడే పుట్టింది. ఒకరోజు మా కాటా ముందున్న రోడ్డు మోరీ రాతి గోడ మీద ఒకతను ఉలితో చెక్కుతున్నాడు. చూస్తే అదే అడ్డగీత. అదే బాణం. అవే రెండు అక్షరాలు. చీటీల పుస్తకం పక్కన పడేసి అతని దగ్గరికి పోయాను.

"ఈడిదాకా నీళ్లెట్ల వస్తాయప్పా?" అన్నాను.

అతను నవ్వాడు. "నీళ్లేందప్పా ఎర్రగుంట్లలో? తాగేదానికే లేవు. ఇది కొలతకు ఆనవాలు. ఈ గీత నుంచి ఎత్తు పల్లం లెక్క కడతాం, అంతే."

ఆ రోజు ఇంటికిపోయి అన్నం తిన్నాను. మా ఆమె కుళాయి దగ్గర బిందె నాలుగు వేళ్లు తక్కువగా పట్టుకొచ్చి దించింది. చెప్పలేదు. ఆ మరుసటి వారం ఇంకో అర్జీ రాశాను, అందులో కూడా గీత దాటించారనే రాశాను. ఆ గుర్తు ఏమిటో మాకు చెప్పాలని ఊరికి వచ్చిన కొలతలవాళ్లలో ఒక్కరికీ తోచకపోవడం నిజం. ఆ కోపం నాకు ఈ రోజుకీ న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దాని వెనక నేను దాక్కున్నది కూడా నిజం.

రెండో రోజు మధ్యాహ్నం అమ్మాయీ అల్లుడూ పడవ షికారుకు పోయారు. బిడ్డ తోపుడు బండిలో నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని, చెంపలు ఎర్రగా. మేమిద్దరం గోపురానికి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాం. ఆమె చాలాసేపు బిడ్డను చూసింది. తరవాత నీళ్లను చూసింది.

"వీళ్లకు గోపురమన్నా కనపడతాండాది. నా బిడ్డ యాడ ఉండాదో చూపించేదానికి ఒక రాయి గూడా లేదు," అంది. ఆ తరవాత ఎప్పుడూ అనే మాటే అంది. గీత దాటించినోళ్లు మట్టి కొట్టుకోని పోతారని.

ఆ తిట్టు నేను కొన్ని వేలసార్లు విన్నాను. అక్కడ, నిద్రపోతున్న ఆ బిడ్డ పక్కన వినలేకపోయాను. చెప్పేశాను. మోరీ సంగతి, ఉలి పట్టినవాడి సంగతి, అది నీటి గీత కానే కాదన్న సంగతి. ఇంగ్లీషు రాక నేను ఊహించి చెప్పానని. ఎవరూ దాటించలేదని. ముప్పై ఏళ్లకు పైగా తెలిసి కూడా నోరు విప్పలేదని.

ఆమె ఏడవలేదు. నా ముఖంలోకి చూడనూ లేదు. తోపుడు బండి మీద ఎండ పడుతుంటే గుడ్డ జరిపింది.

"పిడికెడు మన్ను తెచ్చుకుంటా ఉంటి గదా," అంది. "నువ్వు ఆపితివే."

 గుడ్డ అంచును బండి కడ్డీకి ముడేసి మళ్లీ అంది.

"ఇన్నేండ్లూ ఎవురినో తిట్టిస్తివే నాతో."

అంతే. పడవలో పోయినవాళ్లు తిరిగొచ్చారు, ఆమె లేచి బొరుగులు నానబెట్టింది. ఉగ్గాని చేసింది. నాకూ పెట్టింది. ఉప్పు చాలిందా అని ఎప్పుడూ అడిగేది, ఆ పూట అడగలేదు.

మూడో రోజు పొద్దున సామాను కారుకెత్తుతుంటే బిడ్డ ఎర్ర బకెట్టు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తింది. మా ఆమె వెనకే పోయింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, చీలమండల లోతు దాకా దిగింది. ఆ చల్లటి నీళ్లలో ఆమె దిగడం అమ్మాయి కారు దగ్గర నుంచి చూసి, అమ్మకు భయం పోయిందని అల్లుడితో అంటోంది. బిడ్డ ఎప్పటిలాగే ఇంకా అనడానికి నోరు తెరిచింది. అనేలోపలే ఆమె బకెట్టును అంచు దాకా ముంచి ఎత్తింది. పైన నీళ్లు ఉబ్బి నిలిచాయి.

బిడ్డ దాన్ని మోయలేకపోయింది. రెండడుగులు వేసి మొత్తం ఒలకబోసుకుంది. ఖాళీ బకెట్టులోకి చూసి అవ్వ వైపు చూసింది.

నేను ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఉన్నాను. నీళ్లు వచ్చి కాళ్లకు తగులుతున్న సంగతి కూడా తెలియలేదు. ముందు రోజు మధ్యాహ్నం నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అప్పుడు మాట్లాడింది.

"చెప్పులు తడుస్తాండాయి," అంది, నా వైపు తిరగకుండానే. "పైకి జరుగు."

లేచి పైకి జరిగాను. ఆమె నీళ్లలోనే నిలబడి బకెట్టు మళ్లీ ముంచింది, అంచు దాకా.