సీడీకి పెట్టిన బొట్టు

ఆ కబురు నాకు ముందుగా తెచ్చింది నగరిలో ఉండే మా పెదనాయన కూతురు. మా చుట్టాల పాత పెళ్లి వీడియో ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారట. "మీ యమ్మ గూడా ఆ పెండ్లికి పోయినాదంట మే. యాడో ఒక మూల కనపడకుండా పోతాదా?" అంది అక్క.

నేను చంటిబిడ్డగా ఉన్నప్పటి పెళ్లి అది. తర్వాత కొన్నాళ్లకే అమ్మ పోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. పెద్దవాళ్లంతా వెళ్లిపోయాక, ఆ ముఖం ఎరిగినది మా మేనత్త ఒక్కతే. నన్ను పెంచిందీ, ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిందీ ఆమే.

అప్పటికి అత్త కాలు విరిగి, పుత్తూరు కట్టుతో మంచం మీద ఉంది. "నెట్ సెంటరుకు నన్ను మోసుకొని పోతావా యేమి?" అంది. అందుకని అక్క ఆ వీడియో దించి, సీడీలో ఎక్కించి తెచ్చింది. మా ప్లేయరు దాన్ని చదవలేదు. టీవీకి పనికొచ్చేలా మార్పించి, మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

రెండో సీడీ వచ్చిన మధ్యాహ్నం అత్త పసుపు కుంకుమ తెమ్మంది. కొత్త వస్తువు ఏదైనా బొట్టు పెట్టనిదే మా ఇంట్లో వాడరు.

"టీవీకి హారతి గూడా ఇస్తావా అత్తా?"

"ఇస్తే తప్పేముండాది? ఇంటికొచ్చినోళ్లకు కాళ్లకు నీళ్లిస్తాం గదా."

అద్దంలా మెరిసేదే దాని ముఖమనుకుని, ఆ వైపే తడి పసుపు రాసి బొట్టు పెట్టాను.

సీడీ పెట్టగానే మేళం, పందిరి, తలంబ్రాలు. కెమెరా ఆడవాళ్ల వైపు తిరిగింది. "అదో, మీ యమ్మ" అంది అత్త. ఆ మాటతోనే బొమ్మ బిగుసుకుపోయింది. ముఖం ఉండాల్సిన చోట గళ్లు గళ్లుగా రంగులు. మేళం కూడా ఆగిపోయింది.

అక్క సీడీ తీసి, బొట్టు చూసి తల కొట్టుకుని, కొంగుతో గట్టిగా తుడిచింది.

ఈసారి ఆగలేదు. ఒడిలో బిడ్డతో అమ్మ తలెత్తింది. చూసింది టీవీ ముందున్న నన్ను కాదు, పక్కన మంచం మీదున్న అత్తను. చుట్టూ అందరూ కదులుతున్నారు. ఆమె మాత్రం రెప్ప వేయకుండా అలాగే చూస్తోంది.

"బిడ్డ బాగుండాది వదినా," అంది అత్త మెల్లిగా. "ఈడే కూర్చోనుండాది, సూడు."

అప్పుడు ఆ చూపు నా మీదికి వచ్చింది. కొంచెం నవ్వి, తల దించుకుంది.

ఇంకోసారి చూద్దామని వెనక్కి తిప్పితే, సరిగ్గా ఆ చోటు దాటేసి పెళ్లికూతురి మీదికి దూకింది. తుడిచినప్పుడు గీత పడి ఉంటుందని, మళ్లీ ఎక్కించుకొస్తానని అంది అక్క.

"వద్దు," అంది అత్త. "అడగాల్సింది అడిగి పోయినాది. ఊరికే పిలవగూడదు."

మేం మళ్లీ పిలవలేదు. చూపించినంత చూపించినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. ఇప్పుడు అత్త కూడా లేదు. సాయంత్రం మీరు దీపం పెట్టేటప్పుడు, నా క్షేమం నా తల్లికి చెప్పిన ఆమెను ఒక్కసారి తలుచుకోండి.