మేస్త్రీగారు చెప్పిన నూలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో ఒక లేతు వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరాను. రైసు మిల్లులకు, పీచు మిల్లులకు విడిభాగాలు చేసేవాళ్లం. ఏ మిల్లు కొలత దానిదే. ఒక్కలాంటి ముక్కలు పది కావాలన్నవాళ్లే లేరు.

షెడ్డులో లేతు నడిపే మేస్త్రీగారి కొలతలన్నీ కొబ్బరి ఈనెల్లో ఉండేవి. మిల్లుకెళ్లి, షాఫ్టు పొడవుకు ఈనె విరిచి, ఏ మిల్లుదో గుర్తుకు దారం కట్టి షెడ్డు చూరులో దోపేవారు. ఓనరుగారికి మాత్రం ప్రతి మిల్లు మిషనూ ఉన్నదున్నట్టు కంప్యూటరులో ఉండాలని పట్టుదల. నేను అన్నీ ఎక్కించాక ఆ ఈనెల్ని పొయ్యిలో పెట్టించారు. నేనూ మురిసిపోయాను, నా మొహం!

కంప్యూటరుకు దుమ్ము తగలకూడదని ఏసీ గది కట్టించారు. నూనె చేతులవాళ్లు లోపలికి రాకూడదు. నాకేమో షెడ్డులోకి వెళితే చీర మాసిపోతుందని గీర. మిల్లులో బిగించేటప్పుడు మేస్త్రీగారు చేసే మార్పులు కంప్యూటరుకు చేరేదెలా? ఒకరోజు ఆయనే కిటికీ దగ్గరికొచ్చారు.

"అమ్మాయిగారూ, నిన్న బిగించిన రైసు మిల్లు షాఫ్టు ఒక నూలు కురచ చేసేనండీ. రాసుకుంటారా?"

"ఆయ్, రాస్తాలెండి" అన్నాను. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంతే. రాయలేదు. మర్చిపోయాను.

కోతల రోజుల్లో ఆ షాఫ్టే విరిగింది. మేస్త్రీగారు కూతురి పురిటికి వెళ్లారు. నా డ్రాయింగు చూసి కొత్తది చేసి పంపితే అది పట్టలేదు. విరిగినది కొలవడానికి లేకుండా నలిగిపోయింది, ఎంత తగ్గించాలో తెలిసిన మనిషి ఊళ్లో లేరు. మిల్లు రెండు రోజులు ఆగింది. ఆరుబయట ధాన్యం వానకు తడిసి మొలకెత్తిపోయింది.

ఆయన రాగానే ఓనరుగారు అందరి ముందూ విరుచుకుపడ్డారు.

"ఏమయ్యా మేస్త్రీ, కురచ చేసినోడివి ఎవరికైనా చెప్పొద్దా? నీ వల్ల నా పరువు పోయింది!"

మేస్త్రీగారు నావైపు ఒక్కసారి చూశారు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను. ఉద్యోగం పోతుందని భయం.

మర్నాటి నుంచి ఆయన పనిలోకి రాలేదు. కొబ్బరి డిపోలో కాయలు ఒలుస్తున్నారని తర్వాత తెలిసింది. ముప్ఫై ఏళ్లు ఇనుముతో పనిచేసిన చేతులు.

ఏడాది తర్వాత వాడపల్లి గుడి బయట కనిపించారు. ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదండీ మేస్త్రీగారూ. మీరు చెప్పేరు, నేనే రాయలేదు."

"తెలుసమ్మా."

"మరి ఆవేళే ఆ మాట అనలేదేమండీ?"

"మీరే అంటారనుకున్నానండీ. సాయంత్రం దాకా చూసేను."