నేను కొలవని రెండో గడి

మొన్న బుధవారం ఉదయం పదకొండూ ఇరవైకి సీతమ్మధారలో ఫోను బాగుచేయించుకోడానికి ఒక చిన్న కొట్టు ముందు నిలబడ్డాను. కొట్టతను సోల్డరింగ్ కడ్డీ ఆనించగానే గుగ్గిలం కాలిన వాసన వచ్చింది. ఆ వాసనకి నాకు ముందు భయం గుర్తొస్తుంది, ఆ తర్వాత ఖాదర్ గారు. ఆయన పోయి నాలుగు నెలలైంది.

ఖాదర్ గారు మా ఫిజిక్స్ ల్యాబులో టెక్నీషియన్. వాళ్ళది పాతపట్నంలో గడియారాలు బాగుచేసే కుటుంబం. తొంభైల చివర్లో నేను పరిశోధనకు చేరేనాటికి ఆయనకు యాభై దాటాయి. డిగ్రీ లేదు. కానీ వెంట్రుక కన్నా సన్నటి బంగారు తీగను గోరంత కూడా లేని స్ఫటికానికి అతికించాలంటే మా ప్రొఫెసర్ గారు ఆయనకే కబురు పెట్టేవారు. సముద్రపు ఉప్పుగాలికి అతుకులు నల్లబడతాయని ఆయన కొలతల గది కిటికీలు ఎప్పుడూ తెరవనిచ్చేవారు కాదు; గదంతా గుగ్గిలం వాసనే.

నా పని పొరల స్ఫటికాలతో. అభ్రకంలా రేకులు రేకులుగా ఊడివచ్చే నల్లటి పదార్థాలవి. ఒక్కో రేకుకు నాలుగు తీగలు అతికించి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, అయస్కాంతం మధ్య పెట్టి, కరెంటు పంపి వోల్టేజి కొలిచేవాళ్ళం. ఒకసారి ఎడమ నుంచి కుడికి పంపాలి, తర్వాత తీగలు చేత్తో మార్చి కుడి నుంచి ఎడమకు పంపాలి. అతుకుల దగ్గర వేడి తేడాల వల్ల పుట్టే దొంగ వోల్టేజి ఆ రెండిటి సగటులో రద్దవుతుంది. మామూలు లోహంలో కరెంటు ఎటు వెళ్ళినా నిరోధం ఒక్కటే కాబట్టి అందరికీ సగటు చాలు. ఖాదర్ గారికి చాలదు. సగటు తీసే ముందు రెండు అంకెలూ కొలతల పుస్తకంలో పక్కపక్క గడుల్లో సిరాతో రాయాలనేవారు. "సగటుని నమ్మకమ్మా. కడుపులోదేటీ బయటెట్టదు" అనేవారు.

మూడో ఏడు వేసవిలో నేనొక పని చేశాను. అప్పటిదాకా అయస్కాంతం లేకుండా కొలిచిన ప్రతిసారీ రెండు గడులూ దాదాపు ఒకటే వచ్చాయి. తీగలు మార్చినప్పుడల్లా మీటరు కుదుటపడేదాకా పావుగంట ఆగాలి. ఈలోగా నైట్రోజన్ ఆవిరైపోతుంది. అయస్కాంతం పెట్టి కొలవడం మొదలయ్యాక నేను రెండో గడి కొలవడం మానేశాను. మొదటి అంకెకు చివర ఒకటో రెండో కలిపో తీసో రెండో గడిలో రాసేదాన్ని. నలభై పేజీలు అలా నిండాయి. వాటితో రాసిన పేపరు టైపయి ప్రొఫెసర్ గారి బల్ల మీద ఉంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఖాదర్ గారు నా వెనక నిలబడి పుస్తకం చూశారు.

"ఏటమ్మా, రెండు గడులూ కవల పిల్లల్లాగున్నాయి?"

"స్ఫటికం మంచిదండీ."

"అటు తిప్పి సూసావా?"

"చూశానండీ."

ఆయన తీగలు తనే మార్చారు. పావుగంట ఇద్దరం మీటరును చూస్తూ కూర్చున్నాం. అంకె తప్పకుండా కలవాలని, అంతవరకూ ఏ దేవుణ్ణీ ఏదీ అడగని నేను మనసులో వేడుకున్నాను. అంకె నిలిచింది. కలవలేదు.

ఆయన కరెంటు రెట్టింపు చేశారు. తేడా రెట్టింపు కాలేదు, నాలుగింతలైంది. అయస్కాంతం దిశ మార్చారు. ఇందాక ఎక్కువున్న వైపు తక్కువైంది. అంటే ఆ రేకులో ఒక వైపు కన్నా రెండో వైపు వెళ్ళడం కరెంటుకు కష్టంగా ఉంది. అతుకు తప్పు కావచ్చు, వేడి తప్పు కావచ్చు, నిజంగా ఆ స్ఫటికం గుణమే కావచ్చు. నిజమైతే అప్పటికి లోకంలో కొద్దిమందే చూసిన సంగతి. నాకు సంతోషం కలగలేదు. నలభై పేజీల అబద్ధం బయటపడిందన్నదే తోచింది.

"నాను ఎవరికీ సెప్పనమ్మా" అన్నారు ఖాదర్ గారు. "పీహెచ్‌డీ నీకొత్తాది, బీపీ నాకొత్తాది, అంతే." మీటరు ఆపి మెల్లిగా అన్నారు. "ఒకప్పుడు నానూ అతుకు బాగులేదని తెలిసి నోరుమూసుకున్నాను. పేపరు అచ్చయినాక అది తప్పని తేలింది. ఆ స్కాలర్ బాబు సదువే ఒగ్గేసి ఎల్లిపోనాడు. ఇప్పటికీ ఈ గది తాళం తీసేటప్పుడు నాకు గుండె దడే."

చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మెట్ల మీద అడుగుల చప్పుడైతే చాలు, పేపరు పోస్టుకు వెళ్ళిపోయిందేమోనని లేచి నిలబడేదాన్ని. నాలుగో రోజు ప్రొఫెసర్ గారి గదిలోకి వెళ్ళాను. ఖాదర్ గారు పిలవకుండానే వచ్చి తలుపు బయట నిలబడ్డారు. ప్రొఫెసర్ గారు అరవలేదు. పేపరు సొరుగులో పడేసి, "అన్నీ మళ్ళీ కొలవండి" అన్నారు. అప్పటిదాకా ఆయన నన్ను నువ్వు అనేవారు.

ఆ రేకు రెండోసారి చల్లబరిచినప్పుడు పొరలు విడిపోయి ముక్కలైంది. అదే రకం వేరే రేకుల్లో ఆ తేడా ఒకసారి కనిపించేది, ఒకసారి కనిపించేది కాదు. చివరికి ఆ అధ్యాయం లేకుండా, ఏడాది ఆలస్యంగా, థీసిస్ ఇచ్చాను. తర్వాత వేరే దేశాలవాళ్ళు పొరల స్ఫటికాల్లో అలాంటి తేడాలు జాగ్రత్తగా కొలిచి రాసినవి చదివాను. వాళ్ళు చూసిందే ఆ మధ్యాహ్నం మేమూ చూశామా అన్నది నాకు తెలియదు. ఆ వేసవిలో నేను నిజంగా కొలిచి ఉంటే తెలిసేది.

ఖాదర్ గారు నాకు ధైర్యం చెప్పిన గుర్తు లేదు. ఆయన భయంలో కొంత నాకిచ్చారు. దాన్ని పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నాను. మా ల్యాబులో కొత్త యంత్రం కరెంటును తనే అటూ ఇటూ తిప్పి, సగటు ఒక్కటే తెర మీద చూపిస్తుంది. మా విద్యార్థులు కష్టపడతారు. వాళ్ళ అంకెలు మరీ బాగున్న రోజున నాకు ఆ భయం తిరిగొస్తుంది. "అటు తిప్పి చూశారా?" అని అడుగుతాను. "యంత్రం చూసింది మేడమ్" అంటారు. తీగలు చేత్తో మార్చి కొలవడం మా దగ్గర మానేశారు; ఆ రెండు గడులూ ఇప్పుడు ఎవరూ చూడరు.