దగ్గితే ఊరుకోని అత్తయ్య

మా మేనత్త ముందు ఎవరైనా దగ్గారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. తుమ్మినా అంతే. బస్సులో వెనక సీటు నుంచి ఖళ్ళుమని వినిపిస్తే చాలు, లేచి నిలబడి "ఎవరది?" అంటుంది. ఆ అడిగే తీరుకి దగ్గినవాడు దగ్గునే కాదు, ఊపిరి కూడా బిగబడతాడు. ఒకసారి ఏదో సభలో వక్త పాపం గొంతు సవరించుకున్నాడు. మూడో వరసలోంచి అత్తయ్య, "ముందు డాక్టరుకి చూపించుకు రండి, ఉపన్యాసం ఎక్కడికీ పోదు!" అంది. సభ అక్కడితో సరి.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అత్తయ్య ముప్పై ఏళ్ళుగా దర్జీ. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టిందంటే మిషను సిగ్గుపడాలి. అలాంటి మనిషికి నాలుగేళ్ళ కిందట పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోవడం మొదలైంది. కణుపులు ఉబ్బాయి, కత్తెర పట్టు తప్పింది. ఆసుపత్రిలో కీళ్ళ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "మీ రోగనిరోధక శక్తి బయటి క్రిముల మీద పోరాడాలండీ. అది పొరబడి మీ కీళ్ళ మీదే పడింది" అని చెప్పింది.

అత్తయ్య భగ్గుమంది. "నా ఒంట్లో ఉండి, నా తిండి తిని, నా కీళ్ళనే కొరుకుతోందా? ఎవరు చెప్పారు దానికి?"

"ఎవరూ చెప్పరండీ. ఎందుకలా పొరబడుతుందో మాకూ పూర్తిగా తెలీదు."

"తెలీదా! గుమ్మం మీద అంత బోర్డు పెట్టుకుని తెలీదంటారేంటి?"

ఆ జబ్బు మణికట్లను వదల్లేదు, మోకాళ్ళను వదల్లేదు. దవడ జోలికి వెళ్ళడానికి మాత్రం దానికీ ధైర్యం చాల్లేదు.

మాత్రలతో లొంగకపోయేసరికి నెలకోసారి గురువారం డ్రిప్ ఎక్కించడం మొదలుపెట్టారు. "ఈ మందు ఆ శక్తిని కాస్త అణచిపెడుతుంది. అందువల్ల ఎవరి దగ్గో జలుబో అంటుకున్నా మీకది పెద్దదవుతుంది. జాగ్రత్త" అంది డాక్టరమ్మ. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

డ్రిప్ గదిలో ఆరు కుర్చీలు, ఒక గాజు తలుపు. దగ్గు, జలుబు ఉన్నవారు లోపలికి రారాదని పూలకుండీ వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. "ఇది ఎవరికి పెట్టారు, చీమలకా?" అని అత్తయ్య నర్సు మీద విరుచుకుపడింది. చేతికున్న సూది తీసిన మరుక్షణం వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, గొంతులో గరగర, అంతే" అన్నాడొకాయన.

"ఆ గరగర బయట వదిలేసి రండి."

"మా ఆవిడ లోపలుందండీ."

"అందుకే చెబుతున్నా. అంత ప్రేముంటే మెట్ల మీంచి చూపించండి."

కొన్నాళ్ళకి అత్తయ్య ప్రతి గురువారం వెళ్ళాలంది. "మందు మార్చారు, నీకు చెప్పినా అర్థం కాదు" అంది. నిజమే, నాకేం అర్థమవుతుంది? వారం వారం ఆఫీసులో అనుమతి అడుక్కుని స్కూటరు మీద దింపుతూ వచ్చాను.

ఒక గురువారం నేను అత్తయ్యని దింపి ఇంకా అక్కడుండగానే ఆసుపత్రి సూపరింటెండెంటు తుమ్ముకుంటూ తనిఖీకి వచ్చాడు. అత్తయ్య తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నేనెవరో తెలుసా?" అన్నాడాయన.

"తెలుసు. ముక్కు కారుతున్న మనిషి."

పావుగంటలో మేమిద్దరం పక్కనే ఉన్న ఆయన గదిలో ఉన్నాం. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఫైలు తిరగేస్తూ మండిపడ్డాడు. "ఈవిడ ఆ డ్రిప్ గది పేషెంటే కాదు! డ్రిప్ ఆపేసి ఏడు నెలలైంది. ఇంట్లోనే సూదిమందు వేసుకుంటోంది!"

నాకు ఒళ్ళు మండింది. "అత్తయ్యా! ఏడు నెలలుగా మా ఆఫీసరు చేత చీవాట్లు తింటున్నా! ఏం చేస్తున్నావిక్కడ?"

అత్తయ్య తల దించుకుంది. ఒక్క క్షణమే లెండి.

"మూడో కుర్చీలో సంగీతం టీచరుంటుంది చూడు, ఆ పిల్లదీ నాలాంటి జబ్బే. నాకు కీళ్ళ మీద పడింది, తనకి కిడ్నీల మీద పడింది. పోయిన చలికాలం పక్కనెవడో కూర్చుని రెండు గంటలు దగ్గాడు. బయటికెళ్ళమనడానికి దానికి నోరు రాలేదు. న్యుమోనియా వచ్చి పద్దెనిమిది రోజులు మంచం మీద పడిపోయింది. ఆ గదిలో అందరూ అంతేరా. ఒంట్లో బాగోనివాళ్ళు, పైగా మొహమాటస్తులు. నాకా రెండో జబ్బు లేదుగా!"

ఆవిడ సూపరింటెండెంటు వైపు తిరిగింది. "తలుపు దగ్గర మనిషిని పెట్టాల్సింది మీరు. ఈ మోకాళ్ళతో నిలబడుతున్నది నేను. మీకు కోపం వస్తోందా? రావాల్సింది నాకు!"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో గోడకి అవతల ఎవరో ఖంగుమని దగ్గారు. వెంటనే ఒక సన్నని ఆడగొంతు, "ఏవండీ, మీరు బయటికెళ్ళండి" అంది. అవతలి మనిషి ఏదో గొణిగాడు. ఈసారి ఆ గొంతు పై స్థాయికి పోయింది. "మిమ్మల్నే! దయచేసి లేవండి! మళ్ళీ చెప్పించుకోకండి!"

కుర్చీ జరిగింది. గాజు తలుపు తెరుచుకుని మూసుకుంది.

సూపరింటెండెంటు రుమాలు దించి, మెత్తబడ్డ గొంతుతో, "వచ్చే వారం నుంచి తలుపు దగ్గర మా మనిషి ఉంటాడు లెండి" అన్నాడు. అత్తయ్యకి ఆ మాట వినిపించలేదు. గోడకి చెవి ఆనించి నిలబడి ఉంది. మొహం చాటంతైంది.

"విన్నావట్రా? మన సంగీతం టీచరే!" అంది. మరుక్షణం నుదురు చిట్లించింది.

"అంతా బాగానే చెప్పి, మధ్యలో ఆ 'దయచేసి' ఎందుకంట!"