ఎర్ర దుమ్ము లేని ఇల్లు

ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు నిజం చెబుతారంటే నేను చచ్చినా నమ్మను. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది కాదు. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఎండాకాలమంతా చేతిసంచిలో తడి తువ్వాలు పెట్టుకుని విశాఖపట్నంలో పేటపేటా తిరిగితే వచ్చింది.

అప్పట్లో మేం వన్‌టౌన్‌లో కోటవీధి దగ్గర ఉండేవాళ్ళం. మా ఆయన హార్బర్‌లో, ఓడల్లోకి ఐరన్ ఓర్, అదే ఇనప ఖనిజం, ఎక్కించే చోట, ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. గాలి ఇటు తిరిగిందంటే ఆ ఓర్ పొడి వచ్చి మా వీధి మీద పడేది. తలుపు గొళ్ళెం ఎరుపు, తులసికోట ఎరుపు, పొద్దున్న పట్టిన మంచినీళ్ళ బిందె అడుగున సాయంత్రానికి ఎరుపు. ఆరేసిన తెల్లచీర తీసి మడతపెట్టేసరికి కాషాయం. మా వీధి ఆడవాళ్ళందరం సన్యాసం పుచ్చుకున్నామని మాలో మేమే నవ్వుకునేవాళ్ళం.

మా పాపకి నాలుగో ఏడు వచ్చాక ఆ నవ్వు పోయింది. దానికి ఆయాసం పట్టుకుంది. పడుకుంటే డొక్కలు ఎగిరెగిరి పడేవి. ఊపిరితో పాటు సన్నగా ఈల వినిపించేది. డాక్టరుగారు దాని వీపు మీద చెవి పెట్టినంత పని చేసి, "మందులంటే నేనిస్తాను, గాలి ఎక్కణ్ణించి తెచ్చివ్వనమ్మా? ముందు ఇల్లు మార్చండి. ఇలాగే ఉంటే పిల్ల గురించి నేను ఏ మాటా ఇవ్వలేను" అన్నారు.

మా ఇంటి యజమాని పరుపులు కుట్టించే సాయిబుగారు. సంగతి చెబితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఎల్లిపోండి బేటీ. నోటీసూ గీటీసూ ఏటొద్దు. రేపెల్తే ఇంకా మంచిది" అన్నారు.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. చక్కగా అద్దె కట్టే కాపురాన్ని ఏ ఇంటాయన ఇంత తొందరగా వదులుకుంటాడు? ఎవరికో మాట ఇచ్చేశాడు, అదీ సంగతి అని మా ఆయనతో గొణిగాను. సాయిబుగారి మనవణ్ణి కూడా ఇదే ఆయాసంతో తగరపువలస పంపేశారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాను.

ఇక ఇళ్ళ వేట. మాకు చేపలు తెచ్చే జాలరిపేట ఆవిడే నాకు దారి చూపించింది. గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే మనిషి, ఏ వీధిలో ఏ ఇల్లు ఖాళీయో ఆవిడకి తెలియనిది లేదు. ఆవిడ మీద కూడా నా అనుమానం నాదే. ఇంత సాయం ఊరికే చేస్తుందా, ఇంటివాళ్ళ దగ్గర ఏదో ముట్టే ఉంటుందని. ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది.

"ఏటమ్మా అలా సూత్తన్నావ్? నాకేటొత్తాదనా? నీ పిల్ల బాగుంటే మల్లా నా సేపలే కొంటావు గదా!" అని పకపకా నవ్వింది.

నా పరీక్ష ఏమిటంటే, తెల్ల తువ్వాలు తడిపి పిండి తీసుకెళ్ళడం. ఇల్లు చూసే నెపంతో కిటికీకి దాన్ని వేలాడదీసి, మంచినీళ్ళడిగి, చెట్ల గురించీ నూతి గురించీ కబుర్లు పెట్టి, అది ఆరేదాకా కదలకపోవడం. ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషి తువ్వాలు ఆరేస్తుందేమిటని వాళ్ళు నన్ను అనుమానంగా చూసేవారు. చూస్తే చూడనీ అనుకునేదాన్ని.

మల్కాపురంలో తువ్వాలు మీద నల్లటి నుసి పడింది. "పక్కింటోల్ల పొయ్యమ్మా" అన్నాడు ఇంటాయన. పక్కింట్లో చూస్తే తాళం. మహారాణిపేటలో ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది, సున్నం వాసన ఇంకా పోలేదు. పండగా పబ్బమా, నడివేసవిలో ఈ సున్నమెందుకు? ఇంటావిడ అటు తిరగ్గానే గోడని గోటితో గీకాను. లోపల ఎరుపు. గాజువాక వైపు బ్రోకరు ఒకడు పట్టుకుని వదల్లేదు. "ఉక్కు ఫ్యాక్టరీ రానీండమ్మా, మనకిక్కడ బంగారవే" అన్నాడు. ఫ్యాక్టరీ వస్తే దుమ్ము రాదా నాయనా అంటే, "ఇప్పుడైతే లేదు గదా" అన్నాడు. ఎంత నిక్షేపంలాంటి మాట! ఇవాళ దుమ్ము లేదని అక్కడ చేరి, రేపు మళ్ళీ ఈ తువ్వాలు పట్టుకుని బయల్దేరాలన్నమాట.

జాలరిపేటలో చేపలావిడ వాళ్ళ బంధువుల మేడగది చూపించింది. కింద ఇసుకలో పడవలు, తాళ్ళ మీద ఎండు చేపలు, సముద్రం మీంచి ఈడ్చికొట్టే గాలి. తువ్వాలు తెల్లగానే ఆరింది! నా ప్రాణం లేచొచ్చింది. కానీ వెంటనే, మరి ఇంతకాలం ఎందుకు ఖాళీగా ఉంది అని అడిగాను.

"తుపానొత్తే సముద్రం మెట్ల కాడికొచ్చేత్తాది. మాకలవాటే, నువ్వు బయపడిపోతావ్. నీకు ఇంకోటి సూపిత్తాను, రా" అంది.

అలా పెద వాల్తేరు చేరాను. మిషన్ స్కూల్లో పని చేసి రిటైరైన టీచరమ్మ ఇల్లు. పెరట్లో నుయ్యి, జామచెట్టు, నాలుగు కోళ్ళు. ఆవిడ ఒక్కర్తే ముందు భాగంలో ఉంటుంది, వెనక భాగం మాకు. తువ్వాలు మల్లెపువ్వులా ఆరింది. నమ్మలేక మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ తెలుపే. మూడోసారి వెళ్తే టీచరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఏవమ్మా, ఇల్లు చూడ్డానికొచ్చావా, బట్టలారేసుకోడానికొచ్చావా?" అంది.

వెంటనే దిగిపోయాం. మొదటి రెండు రోజులూ సామాను సర్దుకోవడానికి మా ఆయన సెలవు పెట్టారు. ఆ రెండు రాత్రులూ పాప హాయిగా పడుకుంది. ఊపిరి వినపడనంత నెమ్మదిగా తీస్తుంటే, భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. గెలిచామనుకున్నాను. ఆయన డ్యూటీకెళ్ళిన రోజునించీ మళ్ళీ ఈల మొదలైంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ టీచరమ్మ నా చెవిలో పువ్వు పెట్టింది! ఇంత శుభ్రమైన గాలిలో పిల్లకి ఆయాసమెందుకొస్తుంది, ఈ ఇంట్లో ఏదో ఉండాలి. కోళ్ళు. ఆ ఈకలే. వెళ్ళి మొహం మీదే అడిగేశాను. ఆవిడ కోళ్ళని గంపలో పెట్టి ఎవరికో ఇచ్చేసింది. ఈల తగ్గలేదు. దూది తలగడ తీసేశాను, ఈల తగ్గలేదు. మంచం పక్కన తువ్వాలు కట్టాను. అది తెల్లగానే ఉంది, ఈల ఉంది.

దీనికి తోడు పాప గౌను రోజూ ఎర్రబడేది. వాల్తేరు మిట్టంతా ఎర్రమట్టే కదా, ఆ గుట్టల మీద పొర్లాడుతోందనుకుని కేకలేసేదాన్ని. "నాను మట్లో ఆడలేదమ్మా" అనేది. పిల్లల మాట నమ్మితే అయినట్టే!

ఒక సాయంత్రం దానికి నీళ్ళు పోసి, ఉతికిన తెల్లగౌను తొడిగి, నా ఎదురుగానే అరుగు మీద కూచోబెట్టాను. ఇప్పుడెలా మాపుకుంటావో చూస్తానే అని బియ్యం ఏరుతూ కాపలా కాశాను. గేటు చప్పుడైంది. మా ఆయన. "నాన్నా!" అని పాప ఒక్క ఉరుకు ఉరికింది. ఆయన ఎత్తుకున్నారు. అది ఆయన మెడలో మొహం దాచేసింది. ఆయన వీపు నిమిరారు. ఇది రోజూ ఉన్నదే. కిందికి దింపాక అది నావైపు పరిగెత్తుకొచ్చి, ఏదో చూపించడానికి వెనక్కి తిరిగింది.

గౌను వీపు మీద రెండు అరచేతులు. ఎర్రగా, ఐదు వేళ్ళూ విడివిడిగా. ఇటు తిప్పి చూస్తే ముక్కు కింద ఒక ఎర్ర చార.

ఆయన చొక్కా ఎర్రగా ఉంటుందని నాకు తెలియకనా? రోజూ ఉతికేది నేనే. కానీ దుమ్మంటే గోడల మీద ఉండేదీ, కిటికీల్లోంచి వచ్చేదీ. మొగుడి ఒంటి మీద ఉన్నది దుమ్మని నాకు ఎన్నడూ తోచలేదు. పెళ్ళయిన నాటినించీ అది ఆయన రంగే. ఊళ్ళో అందరి గోడలూ గీకాను, ఈ ఒక్క మనిషికే పరీక్ష పెట్టలేదు.

"ఏటి, అలా ఉండిపోయావ్?" అన్నారాయన. నేను పాప వీపు ఆయనవైపు తిప్పాను. ఆయన ఆ గౌను చూశారు. తన చేతులు చూసుకున్నారు.

"నానేనా?" అన్నారు. "నానే తెత్తన్నానా దీనికి?"

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన డ్యూటీనించి వస్తూనే, ఒళ్ళు కడుక్కోడానికి తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళబోయారు. పాప మామూలుగానే ఎదురు పరిగెత్తింది. ఆయన రెండు చేతులూ పైకెత్తేసి, "రాకు! ముట్టుకోకు నన్ను!" అని అరిచారు. భయంతో అరిచారు పాపం, కానీ దానికి తెలిసింది అరుపొక్కటే. ఉన్నచోటే బిగుసుకుపోయింది. కాసేపటికి నా దగ్గరకొచ్చి, "నానేటి చేసానమ్మా?" అంది. ఎంత చెప్పినా నమ్మలేదు. నా కడుపున పుట్టిన పిల్ల కదా.

నెల తిరిగేసరికి ఈల పోయింది. వాల్తేరు గాలి పడిందన్నారు డాక్టరుగారు. మా ఆయన వేరే పని కోసం చూశారు గానీ దొరకలేదు. రోజూ నూతి దగ్గర రెండుసార్లు సబ్బు రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు రావచ్చమ్మా" అని చేతులు చాచేవారు.

"తర్వాత వత్తాను నాన్నా, ఆడుకుంటన్నాను" అనేది అది, తల ఎత్తకుండా. దాని చేతుల్లో బొమ్మ ఏదీ ఉండేది కాదు.